మూడువందల అరవై గ్రాములు

కంచరపాలెం పాతసామాన్ల కొట్టులో
సీలింగ్ ఫ్యాన్ రెక్కల కింద దొరికింది మొదటిది,
తీగలన్నీ తెగి, నోరు తెరుచుకుని.
ఎర్రయ్య దానికి అయస్కాంతం పెట్టి చూశాడు.
అంటుకోలేదు.
గోటితో గీకాడు, వాసన చూశాడు.
"ఇదేటి బాబూ, ఇనుమూ కాదు, సెక్కా కాదు,
ఏ రేటుకి తూసీమంటావు?"
చివరికి అల్యూమినియం రేటుకి తూచాడు.
మూడువందల అరవై గ్రాములు.

మెడ మీద అరిగిన అక్షరాలు:
పశ్చిమ జర్మనీలో తయారైనది.
దేశం పోయింది, రాకెట్ మిగిలింది.
ఏ ఓడ దిగిన ఏ నావికుడు
ఏ సీసా కోసం హార్బరు గేటు దగ్గర వదిలేశాడో.

షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో ముప్పయ్యొక్కేళ్ళు
నా వేళ్ళకి అంటుకున్న నలుపు ఇదే.
ఎన్ని ఓడల పక్కటెముకలు గీశానో దాంతో.
పెన్సిల్లో ఉన్నప్పుడు
కాస్త గట్టిగా నొక్కితే పుటుక్కుమనేది.
ఇక్కడ అదే, పోగులు పోగులుగా అల్లుకుని,
బంతి దెబ్బకి వంగి మళ్ళీ లేస్తుంది.
ఒంటరిగా పిరికి. గుంపులో మొండి.

ఇప్పుడు పదిహేడున్నాయి.
బీరువాలో మా ఆవిడ పట్టుచీరలు ఒక అర కిందికి దిగాయి.
"వీటికీ కలరా ఉండలు పెట్టాలా?" అని అడిగింది,
నవ్వుతూ కాదు.

ఈ ఊరి ఉప్పుగాలి దేన్నీ వదలదు.
గేటు గడియని, స్కూటర్ సైలెన్సర్‌ని,
గోడకి దిగ్గొట్టిన మేకుని, అన్నిటినీ కొరుకుతుంది.
వీటి ఒంటిని మాత్రం తడిమి వెళ్ళిపోతుంది,
పిడికి చుట్టిన తోలుపట్టీ ఒక్కటే తినేసి.

అల్లిపురంలో మజ్జి పైడయ్య గట్టింగ్ చేస్తాడు.
యాభై ఐదు పౌన్లు బిగించమంటే తల అడ్డంగా ఊపుతాడు.
"ముసలెముక. నలభై ఎనిమిది దాటితే నా పూచీ నేదు."
బిగించాక వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుంటాడు
పుచ్చకాయ బేరంలో ఉన్నవాడిలా.

పొద్దున్న ఆరింటికి రైల్వే కాలనీ సిమెంటు కోర్టు.
అవతల రోజలిన్, ఆసుపత్రి నుంచి రిటైరైన నర్సు,
చేతిలో మనవరాలి కొత్త రాకెట్,
ఈకంత తేలిక, పళ్ళెమంత వెడల్పు.
నాదానికి మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు.
అక్కడ తగిలితే చేతికేమీ తెలీదు,
బంతి మాత్రం వెళ్ళిపోతుంది,
చెప్పకుండా లేచిపోయిన అతిథిలా.
పక్కకి తగిలిందా, మోచేతి దాకా తిట్టు.
ఒక ఉదయంలో నాలుగుసార్లు దొరుకుతుంది ఆ చోటు.
కొన్నాళ్ళు అదీ లేదు.

మొన్న కార్తీకంలో
రోజలిన్ వేసిన సర్వీసు, మెత్తటిదే, తీయబోతే
పశ్చిమ జర్మనీ మెడ దగ్గర
చిటుక్కుమంది.
ఆమె నెట్ చుట్టూ తిరిగి వచ్చింది.
పాత అలవాటు, విరిగినచోట రెండు వేళ్ళతో నొక్కింది
ఎక్కడ నొప్పి అని అడగబోయి ఆగినట్టు.
"అద్దాల బీరువాలో పెట్టుంటే బతికేది" అన్నాను.
"బతికేది" అంది. "ఏం చేస్తూ?"

జవాబు లేక వంగి,
విరిగిన అంచుతో సిమెంటు మీద గీశాను.
చెరిగిపోయిన బేస్‌లైన్ పక్కన
సన్నగా, బూడిదరంగులో,
మూరెడు గీత పడింది.
స్కేలు లేకుండా గీసినా తిన్నగానే వచ్చింది.

"ముప్పై, నలభై" అంది రోజలిన్, అవతలికి నడుస్తూ.

సంచిలోంచి రెండోదాన్ని తీశాను.
దాని తోలు పొడిపొడిగా రాలి
అరచేతికి నల్లగా అంటుకుంది.