డెబ్బై అయిదుసార్లకు సరిపడే కొండ

ఎత్తు కాదు మేడమ్ ముందు చూడాల్సింది,
అన్నాడు పూర్ణా మార్కెట్ వెనక సైకిళ్ళ ఖాదర్,
నా వెనక చక్రం పళ్ళు వేలితో లెక్కపెడుతూ.
దిగడం చూసుకోండి.
ఎక్కేటప్పుడు కాళ్ళున్నాయి.
దిగేటప్పుడు ఈ రెండు రబ్బరు ముక్కలే దిక్కు.

ఎనిమిది వేల ఎనిమిదొందల నలభై ఎనిమిది మీటర్లు.
లోకంలోకెల్లా పెద్ద కొండ బాకీని
ఊళ్ళో చిన్న కొండ మీద వాయిదాల్లో కట్టాలి,
ఒకటే దారి, ఎక్కడం దిగడం, ఎక్కడం.
మధ్యలో నిద్రపోతే లెక్క మళ్ళీ మొదటికి.

ఆ రోజునుంచీ విశాఖపట్నం నాకు నిలువుగా కనబడుతోంది.
సముద్రం అంత మేరా బల్లపరుపుగా పడుంది,
దేనికీ పనికిరాకుండా.
డ్యూటీకి వెళ్తూ కేజీహెచ్ అప్‌లో కూడా
వాలు కొలుస్తున్నాను, వెనక ఆటోలు తిడుతున్నా.

సింహాచలం అనుకున్నాను. రోడ్డు బంగారం.
కానీ అన్నిసార్లు అప్పన్న గుమ్మం దాకా పోయి
దణ్ణం పెట్టకుండా వెనక్కి తిరిగితే
ఏమనుకుంటాడు?
పెడుతూ కూర్చుంటే ఎప్పటికి పూర్తవుతుంది?
చుట్టూ తిరిగేవాళ్ళకి పుణ్యముంది,
పైకీ కిందకీ తిరిగేదానికి ఏముందో ఎవరూ రాయలేదు.

కైలాసగిరి మీద నా చెమట
ఇంకొకరి పెళ్ళి ఫొటోల్లో పడుతుంది.
యారాడ వైపు అందమే, ఒప్పుకుంటాను.
ఓడలు బొమ్మల్లా, లైట్‌హౌసు, జీడిమామిళ్ళు,
మలుపు తిరగ్గానే చెంపదెబ్బలాంటి గాలి.
మ్యాపులో లేని వాలు ఆ గాలి.
తొట్లకొండ నన్నే చూసి నవ్వినట్టుంది.
అక్కడి భిక్షువులు ఒక్కసారే ఎక్కారు,
ఎక్కి, కూర్చున్నారు.

పగలంతా నేను చెప్పే మాటలు మూడే:
ఊపిరి పీల్చండి. బిగబట్టండి. వదలండి.
ఇరవయ్యేళ్ళుగా ఇతరుల ఎముకలు వెలుతురికి పట్టి చూశాను.
మొన్న నా మోకాలు నేనే తీసుకున్నాను.
డాక్టరు చూసి ఏమీ అనలేదు,
కవరులో పెట్టి నా వైపు తోశాడు.
అది అనుమతో కాదో అడగలేదు.

చివరికి ఆరిలోవ దాటాక
ఏ పోస్టుకార్డు మీదా లేని గుట్ట,
నెత్తిన నీళ్ళట్యాంకు.
కిందినుంచి పైకి నూట పద్దెనిమిది మీటర్లు.
డెబ్బై అయిదుసార్లు, రెండు మీటర్లు కొసరు.
మలుపులు రెండే. వీధిలైట్లు తొమ్మిది, వెలిగేవి ఏడు.
కుక్కలు నాలుగు.
పరీక్షకని రాత్రి రెండింటికి వెళ్ళాను.
మొదటిసారి నాలుగూ తరిమాయి,
మూడోసారి ఒకటే, అదీ మర్యాదకి.
ఆరోసారికి తల కూడా ఎత్తలేదు.
నాకు కావలసిన కొండ అదేనని
అప్పుడే తెలియాల్సింది.

పైన గేటు దగ్గర వాచ్‌మన్ సన్యాసయ్య,
చెవులకు మఫ్లరు, ముందు రిజిస్టరు.
ఇంట్లో, ఆసుపత్రిలో, ఖాదర్ కొట్లో కూడా
అందరూ అడిగింది ఒకటే: ఎందుకు?
ఈయన అది అడగలేదు.
ఎవులి కాడికమ్మా? అన్నాడు, పెన్ను విదిలిస్తూ.
ఎవరి దగ్గరికీ కాదన్నాను.
ఆ గడి కాళీగా వొగ్గీకూడదు, పొద్దున్న సారు ఊరుకోడు, అని
ట్యాంకు వైపు, చీకటి వైపు, నా చక్రాల వైపు చూశాడు.

శనివారం మొదలుపెడతానని చెప్పాను.
ఆరింటికి తన డ్యూటీ దిగిపోతుందట,
అప్పటికి ఎన్నయితే అన్నీ
పగటి మనిషికి అప్పగించి పోతానన్నాడు,
సామాను అప్పగించినట్టు.

కిందికి దిగబోతూ టార్చి వెలుగులో చూశాను.
ఎవరిని చూచుటకు: కొండ.
దాని కింద గడుల్లో, ముందే,
ఒకదాని కింద ఒకటి,
పేజీ చివరిదాకా డిటో గీతలు.