నూరో డబ్బా

మతుజీన్యుష్ రేవుకి దగ్గర్లో ఓ ఆసుపత్రి.
అక్కడ నా పని చూడటం.
మనుషులు మింగిన కెమెరాలు లోపల్నుంచి పంపిన బొమ్మల్ని
కర్టెన్లు వేసిన గదిలో కూర్చుని చదువుతాను.
సెకనుకి రెండు. ఎనిమిది గంటలు.
తడి గులాబీ గోడలు, నురగ, నూగు,
ఒక్కోసారి నిన్నటి టమాటా తొక్క.

డియోలిండా టవారెస్, డెబ్బై ఒకటి.
రక్తం ఎటు పోతోందో అంతు చిక్కదు.
పైనుంచి గొట్టం వేశారు, కిందనుంచి వేశారు,
రెండూ అందుకోలేని నడిమి దారి మిగిలింది.

సంతకానికి ముందు కాగితం చదివి వినిపించాను:
అరుదుగా, నూటికి ఒకరిలో,
గుళిక లోపలే చిక్కుకుపోవచ్చు.
ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"ముప్పై రెండేళ్ళు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేశానమ్మా.
పుల్లతో మూత మీద కొట్టి వినేదాన్ని.
తొంభై తొమ్మిది ఒకలాగే మోగుతాయి.
నూరోదాన్ని పట్టుకోడానికే నాకు జీతం.
అరుదు అనేది మీ మాట."
గుక్కెడు నీళ్ళతో మింగేసి
నడుముకి బెల్టు కట్టించుకుని
బస్సెక్కి వెళ్ళిపోయింది.

మూడు గంటల పన్నెండో నిమిషం.
పాలిపోయిన ఓ వలయం,
మధ్యలో చొక్కా కాజా అంత సందు.
గుళిక దాకా వచ్చి ఆగింది.
కాస్త వెనక్కి, మళ్ళీ ముందుకి,
గట్టుకి కట్టేసిన పడవలా ఊగింది.
అదే వలయం. అదే వలయం.
ముప్పై ఆరువేల బొమ్మలు లెక్కపెట్టి చూశాక
తెర నల్లబడింది.

ఆమె ఇంట్లో పిండి జల్లెడ ఒకటి స్నానాలగదికి మారింది.
రెండు వారాలు రోజూ ఫోను.
"ఇవాళా రాలేదు"
అలిగి మేడెక్కిన మనవడి సంగతి చెప్పినట్టు.

ఎక్స్‌రేలో తుంటి ఎముక పక్కన
తెల్లటి తూటా.
భుజం నొప్పికి రాసిచ్చిన స్కానింగు రద్దు చేశారు,
లోపల అది ఉన్నంతకాలం
అయస్కాంతం గది గడప తొక్కకూడదు.
ఆమె తెర మీదికి వంగి చాలాసేపు చూసింది.
"దీపం ఇంకా వెలుగుతోందా?"
లేదండీ, ఆ రాత్రే ఆరిపోయింది.
"అయ్యో. చీకట్లో ఉందన్నమాట."

నొప్పి లేదు. తింటోంది, నడుస్తోంది,
ఆదివారాలు పేకాటలో గెలుస్తోంది.
చూద్దాం, చూద్దాం అంటూనే మూడు నెలలు.
రక్తం మాత్రం కారుతూనే ఉంది.

ఆగస్టులో కోశారు.
వెతకాల్సిన పనే లేకపోయిందట.
పేగు వెంట వేళ్ళు నడుపుకుంటూ పోతే
ఒకచోట గట్టిగా తగిలిందట.
జానెడు తీశారు, అందులో నాలుగు వలయాలు.
వేళ్ళ కణుపుల నొప్పికి, పనిలో చేరిన ఏడాది నుంచీ,
రోజుకి మూడు బిళ్ళలు.
ఫ్యాక్టరీ వాళ్ళే గిన్నెలో పోసి
గేటు దగ్గర పెట్టేవారు, పిప్పరమెంట్లలా.
ఆ బిళ్ళలే లోపల కూర్చుని
ఒక్కొక్క పొరే నేశాయి.

"ఇరుక్కోవడమే అదృష్టం, దారి చూపించింది" అన్నాడు
సర్జను అల్మెరిందు, చేతులు కడుక్కుంటూ.
నేనలా అనలేను.
పద్దెనిమిది కుట్లు ఆయన కడుపు మీద లేవు.

నాలుగో రోజు దాన్ని కడిగి సీసాలో పెట్టి తీసుకెళ్ళాను.
ఇవ్వకూడదు నిజానికి.
ఆమె అరచేతిలోకి ఒంపుకుని
చెవి దగ్గర పెట్టుకుని
గోటితో టిక్కుమని కొట్టింది.
నేనేదో అనబోతే ఆగమని చెయ్యెత్తింది.
మళ్ళీ కొట్టింది.

"ఇది బాగానే ఉంది.
తేడా డబ్బాలోనే."

అని, సూపులో ఉప్పు వెయ్యలేదని
నర్సుతో గొడవ పెట్టుకుంది.