మినిట్స్ పుస్తకం

నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని
యూనియన్‌లో నన్ను కార్యదర్శిని చేశారు.
మొదట్లో ఇంతకన్నా సిద్ధాంతమేం లేదు.
కొండపి నుంచి ఒంగోలు వచ్చిన కొత్త.
హాస్టల్ బియ్యంలో పురుగుల గురించి
గట్టిగా మాట్లాడింది వాళ్ళొక్కరే.
ఎవరికైనా అది చాలు.

తర్వాత మాటలు వచ్చాయి.
"వాస్తవానికి" అనడం వచ్చింది,
"చారిత్రకంగా" అనడం వచ్చింది,
ప్రభంజనన్నలాగా వాక్యం మధ్యలో ఆగి
కళ్ళద్దాలు తుడుచుకోవడమూ వచ్చేదే,
నాకు కళ్ళద్దాలు లేవు గానీ.
ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగింది,
"ఎవురే మాట్లాడేది?"

అమ్మ పొగాకు గ్రేడింగుకి పోద్ది.
బ్యారన్‌లోంచి దిగిన ఆకు ఒళ్ళో పరుచుకుని
పసుపుని పసుపులో, మచ్చని మచ్చలో వేస్తది.
బేలులో ఒక్క ఆకు రంగు తేడా వస్తే
వేలంలో బయ్యరు ఆగకుండా నడిచిపోతాడంట.
నాకది మార్కెట్టు సంగతిగానే తెలుసు, అప్పటికి.

ఆ రోజు పాత గోడౌను పైన మా ఆఫీసు గది.
ముప్పై ఒక్క మందిమి, రెండు బల్లలు, ఒక ఫ్యాను.
జీవో రద్దు చెయ్యాలని తీర్మానం.
దాని కింద ముందే రాసి పెట్టుకున్నాను,
కొంచెం సాగదీసి,
ఏకగ్రీవంగా.
ఎప్పుడూ అట్లానే రాస్తాను, టైం కలిసొస్తదని.

చేతులు లేచాయి.
పక్క చెయ్యి లేచిందా అని
ఒక్క క్షణం చూసుకుని లేచే చేతులు.
నాది కలం పట్టుకునే లేచింది.
కిటికీ దగ్గర మాలకొండయ్య మాత్రం
మోకాళ్ళ మీద చేతులు అట్లానే ఉంచి
"అన్నా, ఆ జీవో మనలో ఎవరన్నా చదివామా?" అన్నాడు.
ఎదిరించినట్టు కాదు.
అద్దంకి బస్టాండుకి ఎటు పోవాలని
దారి అడిగినట్టు.

ఆ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తదని
నాకు ఆ రోజే తెలిసింది.
"అవతలోళ్ళు పంపించారా?" అన్నారెవరో.
నవ్వు కూడా చేతుల్లాగే లేచింది,
పక్కవాణ్ణి చూసి.
జీవో నంబరు నాకు కంఠతా, తేదీతో సహా.
లోపలేముందో

ప్రభంజనన్న కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
కోపం లేదు. నా వైపు తిరిగి, చాలా మెత్తగా,
"మాలకొండయ్య సభకు రాలేదని రాయమ్మా."

రాశాను.
మూడడుగుల దూరంలో కూర్చున్నవాణ్ణి
గుండ్రటి అక్షరాల్లో గైర్హాజరు చేశాను.
నేను రాయడం వాడు చూస్తూనే ఉన్నాడు.
యవత్తు దగ్గర కలం ఒకసారి గీరుకుంది,
అంతే.

మర్నాడు క్యాంటీన్‌లో ఉప్మా లైనులో నా వెనక నిలబడి
"నిన్న నేను రాలేదు గదక్కా, ఏం జరిగింది?" అన్నాడు.
ఎగతాళేమోనని మొహం చూశాను.
ప్లేటు పట్టుకుని ఉన్నాడు.
"ఏం లేదులే" అన్నాను.

రోడ్డవతల మేడ మీద వేరే జెండా.
అక్కడా నాలాగే రాసే పిల్ల ఉంది, షంషాద్.
మేం మాట్లాడుకోకూడదు.
జిరాక్సు షాపులో ఒకసారి ఆమె పుస్తకం తెరిచుంటే చూశాను.
అదే జీవో. మంచిదని తీర్మానం.
ఏకగ్రీవంగా.
ఆ ఒక్క మాటకి ఇంకు వేరే,
ఆమె కూడా ముందే రాసుకున్నట్టుంది.

ఆ రాత్రి జీవో సంపాదించి చదివాను, నాలుగు పేజీలు.
తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను.
మేం అరిచిన కారణాలకి కాదు,
మూడో పేజీ అడుగున ఒక చిన్న వాక్యానికి.
దాన్ని మాలో ఎవరం తిట్టలేదు.
మాలకొండయ్యకి చెబుదామనుకుంటే
హాస్టల్ వదిలేశాడంట,
చీమకుర్తి నుంచి రోజూ మొదటి బస్సుకి వస్తున్నాడంట.

సెలవుల్లో అమ్మ పక్కన కూర్చున్నాను.
ఒక ఆకు, అంతా పసుపే,
ఈనె పక్కన మాత్రం ఇంకా పచ్చ.
"ఇదెందులో?"
అమ్మ దాన్ని వెలుతురుకి పట్టి
చానాసేపు చూసింది.
"ఆడ పెట్టు. చూద్దాం."

మినిట్స్ పుస్తకం నా పెట్టెలోనే ఉంది.
వచ్చే సోమవారం సభ.
తేదీ వేశాను, స్థలం వేశాను.
ఇంకేం రాయలేదు,
ఇప్పటిదాకా.