పెన్సిల్ గడి

నేను కారోబార్ను.
పుట్టినోళ్లకు ఒక పుస్తకం, పోయినోళ్లకు ఒకటి.
ఇంటిపన్ను రశీదుల కింద
రెండూ ఒకే బీరువాల పండుకుంటయి.

రిజిస్టర్ తెరిచేముందు ఊదాలె.
తెల్లటి సన్న దుమ్ము లేస్తది.
సున్నం కాదు, పిండి కాదు,
రాత్రంతా లారీలు మిర్యాలగూడ దిక్కు మోసినా
ఇంకా మాకు మిగిలేది.

రేకుల మీద పడ్డది తొలకరికి తడిసి
రాయైంది, గడ్డపారకు గూడ లేస్తలేదు.
మట్టయ్య మామ రొమ్ముల పడ్డది గూడ
అట్లనే గట్టిపడ్డదేమో,
ఎవరు కోసి చూసిన్రు?
కారణం గడిల "వయసు" అని రాసిన.
ఆయనకు యాభై నాలుగు.

ఇద్దమ్మకు ఆయాసం.
తండాల బాణోతు హేమ్లాకు గుండె.
సుశీల బిడ్డకు పదకొండు నెలలు.
జ్వరం అన్నరు. జ్వరం అని రాసిన.

వాగు అవతలి ఊరి కారోబార్ నరసింగం నా దోస్తు.
మండలాఫీసు మీటింగు నాడు చాయ్ తాగుకుంట
రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టినం.
జనం అంతే. అవే బోర్లు, అదే బెల్టుషాపు మందు.
వాళ్లకు ఏడాదికి పదకొండు గీతలు,
మాకు ఇరవై ఆరు.
"గాలి మీ దిక్కు కొడ్తది గదనే" అన్నడు.
ఇంకేం మాట్లాడలే. చాయ్ చల్లారింది.

పోయినేడు పట్నం నుంచి ఒక పిల్ల వచ్చి
బడి మిద్దె మీద డబ్బా పెట్టింది.
ఆ మూడు రోజులు పొగగొట్టం
ఒక్కపొద్దు ఉన్నట్టు నోరు మూసుకున్నది.
తర్వాత పటం పంపింది,
మండలమంతా లేత పసుపు.
మా ఇరవై ఆరును ముప్పై ఊర్లకు పంచితే ఏముంటది,
చారెడు ఉప్పు వాగుల కలిపినట్టు.
సగటు అంటే అదేనట.
మావోళ్లు సచ్చినంక గూడ
పక్కూర్ల బతుకులల్ల కలిసి కనపడకుండ పోయిన్రు.

నేను కూసునే కుర్చీ ఫ్యాక్టరీ ఇచ్చిందే.
వీపు కాడ దాని పేరుంటది.
నా కొడుకు అక్కడ్నే, ప్యాకింగుల.
ఇది గూడ రాసుకోవాలె.

గడులు సర్కారు అచ్చేసినయి,
కొత్తది గీసే హక్కు నాకు లేదు.
అందుకే అంచుకు, పెన్సిల్‌తోని,
తుడిస్తే పోయేటట్టు సన్నగ ఒకటి గీసిన.
అందుల రెండే మాటలు:
తూర్పు గాలి. పడమటి గాలి.

నిన్న చంద్రకళ వచ్చింది సర్టిఫికెట్టుకు,
కొంగు మూతికడ్డం పెట్టుకొని.
పెనిమిటి పోయిన రాత్రి
గాలి ఎటు నుంచి వచ్చిందని అడిగిన.
జరసేపు గోడ దిక్కు చూసింది.
"ఆ రాత్రి గాలే రాలే సారూ,
ఉన్న గాలే పోలే."