ఎడమ మడమ

గోడకి ఆనుకుని నిలబడమన్నాడు తోమే.
చేతికో అట్టపుస్తకం ఇచ్చి
కాళ్ళ మధ్య మీరే నిలబెట్టుకోండి దోనా దియోలిందా, అని
మొహం అటు తిప్పుకున్నాడు.
పెన్సిల్ గీత. టేపు చప్పుడు.
అరవై ఆరు సెంటీమీటర్లు.
నేల నాకెంత దూరంలో ఉందో
అరవై రెండేళ్ళకి లెక్క తేలింది.

నేను పియానోలు శ్రుతి చేస్తాను.
కొయింబ్రాలో నా పియానోలన్నీ కొండ మీదే ఉంటాయి,
డబ్బూ పాటా చేయీ చేయీ పట్టుకుని మెట్లెక్కిపోయినట్టు.
ముప్ఫై ఏళ్ళు ఈ తోలుసంచిని మోకాళ్ళే మోశాయి.
మొన్న ఒక మలుపులో కుడిమోకాలు
తెగబోయే తంతిలా టంగుమంది.
అందుకని వచ్చాను, కరెంటు సైకిలు కొనడానికి.

మొదటిది నల్లది. ఉత్తరాది దేశాల కొలత.
సీటు దించాం, దించాం,
ఇంక దిగనని ఇనుము కీచుమంది.
ఎక్కాను. మునివేళ్ళు చాచాను.
నేల ఉందని తెలుస్తోంది, అందడం లేదు.
అలవాటైపోతుంది, అన్నాడు తోమే.

నాయనా, ఆ మాట నాకన్నా పొడుగు.
బడిలో నల్లబల్ల, బ్యాంకులో కిటికీ,
బస్సులో పైకమ్మీ, చర్చిలో ముందువరస వీపు,
అన్నిటికీ అలవాటైపోయాననే అందరూ అనుకుంటారు.
ఒక్కదానికీ కాలేదు.

రెండోది ఎర్రది. నడుము వంచి నుంచుంది,
కాలెత్తకుండా దాటొచ్చు.
బావుందే అనుకునేలోగా చూశాను,
బరువంతా వెనకే పెట్టుకుని
పెళ్ళిలో అలిగిన మేనత్తలా కూర్చుంది బ్యాటరీ.
కాస్త వాలింది. ఇరవై ఏడు కిలోలు.
నేను నలభై నాలుగు.
ఆపబోతే నన్నూ వెంటబెట్టుకుని
టైర్ల దొంతర మీదికి వెళ్ళింది.
తోమే నవ్వలేదు, పాపం. పెదవి కొరుక్కున్నాడు.

పొడుగువాళ్ళు బండి కొంటే వెళ్ళడం గురించి అడుగుతారు.
ఎంత వేగం, ఎంత దూరం, ఎంతసేపు.
నేను ఆగడం గురించి అడిగాను.
రాళ్ళు పరిచిన వీధి, ఏటవాలు, చినుకులు,
వెనక టాక్సీ.
అప్పుడు నా కాలు ఎక్కడుంటుంది?
నేల విడిచి సాము చేసే వయసు కాదు తోమే,
సాము అసలే వద్దు, నేల చాలు.

మూలన ఒకటుంది, దుప్పటి కప్పుకుని.
చూపించడానికి మొహమాటపడ్డాడు,
చిన్నపిల్లలదనుకుంటారేమో అని.
ఆవపిండి రంగు. చిన్న చక్రాలు.
బ్యాటరీ కిందే, బొడ్డు దగ్గర. తీసి చూశాను,
నా సంచిలో సగం బరువు, మూడో అంతస్తుకి మోయగలను.
మీట నొక్కితే మోటారు సన్నగా మూలిగింది.
చెవి దగ్గర పెట్టాను.
గాంధారం, వెంట్రుకవాసి తక్కువ.
సరిచేయడం నా చేతిలో లేదు.
క్షమించడం ఉంది.

బయటికి తీసుకెళ్ళాను.
ఎక్కుతుంటే ఎవరో వీపున చెయ్యి వేసినట్టయింది,
తొయ్యడానికి కాదు, నేనున్నాలే అన్నట్టు.
రొట్టెల కొట్టు వెనక్కి పోయింది.
ప్రతి మంగళవారం నేను రొప్పుతూ ఆగే
ఆకుపచ్చ తలుపు కూడా,
ఆశ్చర్యంగా చూసి వెనక్కి పోయింది.

ఎర్రదీపం పడింది.
పక్కనే ఒక తిండి పంచే కుర్రాడు,
ఎవరిదో ఎత్తు సైకిలు మీద
మునివేళ్ళతో ఇటూ అటూ ఊగుతున్నాడు.
నేను సీటు దిగలేదు.
ఎడమకాలు కిందపెట్టాను.
వేళ్ళు, పాదం, ఆఖరున మడమ.
మొత్తం మడమ.
పల్చటి చెప్పులోంచి రాయి చల్లదనం
పిక్కదాకా పాకింది.

దీపం పచ్చబడింది.
కుర్రాడు వెళ్ళిపోయాడు.
నేనింకాసేపు అలాగే ఉన్నాను.
వెనక టాక్సీ హారన్ కొట్టింది.
కొట్టనీ.