నీలి నక్కకు మూడు గింజలు

మా లోయలో చలికాలం పొడుగు, పని పొట్టి.
మధ్యాహ్నం మూడింటికే ఆల్ప్స్ కొండలు
సూర్యుణ్ణి జేబులో వేసుకుంటాయి.
అందుకే స్లొవేనియాలో ఈ మూల, ఫిబ్రవరి వస్తే
తేనెపెట్టెల ముందుపలకలకు
బొమ్మలేసే పోటీ పెట్టుకుంటాం.
జానెడు ఎత్తు, మూరెడు పొడవు.
ఒక్కో పలకా ఒక్కో మొండి అభిప్రాయం.

ఈసారి తీర్పరిని నేను.
అర్హత ఏమిటంటే
పోయినేడు నేను గీసిన ఆవు మీద
కూర్చోవచ్చా అని ఇద్దరడిగారు.
పైగా రొట్టెల కొట్టు నాది.
అక్రోటు చుట్ట గొప్పదా, టారగాన్ ఆకు చుట్ట గొప్పదా అని
ఊరు రెండుగా చీలినా
రెండూ అమ్ముకునేదాన్ని,
నాకు అభిప్రాయం ఎలా ఉంటుంది?

పొలోన్‌త్సా నక్కను గీసింది.
నీలి నక్క. వేటగాడికి గడ్డం గీస్తోంది.
"నక్క నీలంగా ఉంటుందా ఎక్కడైనా?"
యెర్నెయ్ మీసంలో నవ్వాడు.
"గడ్డం గీయడం ఒప్పుకున్నావు,
రంగు దగ్గరే అడ్డం పడ్డావా?"
ఆ జవాబుకే ఒక గింజ వేయొచ్చు.

యెర్నెయ్ తన ట్రాక్టర్ని గీశాడు.
"చక్రానికి పన్నెండు నట్లు, లెక్కపెట్టుకోండి."
లెక్కపెట్టాం. పదకొండు.
రాత్రికి రాత్రి పన్నెండోది మొలిచింది,
తెల్లారి ముట్టుకుంటే వేలికంటింది.

లోవ్రెన్‌త్స్ తాత పలకంతా పసుపు పూసి ఊరుకున్నాడు.
గీత లేదు, చుక్క లేదు.
"ఏంటి తాతా ఇది?"
"తేనె. లోపల్నుంచి చూస్తే."
దాని మీద అరగంట కొట్లాడి
రెండు కెటిళ్ల టీ తాగాం.

వాళ్ల మనవరాలు నేజాకు ఏడేళ్లు.
బూట్లు తొడిగిన రాణీగను వేసింది.
"ఈగకు ఆరు కాళ్లే కదమ్మా?"
"ఏడోది స్పేరు" అంది, తల ఎత్తకుండా.

పుర్రెకో బుద్ధి.
మా ఊళ్లో ఒక్కో పుర్రెకు రెండు.

ఓటంటే చిక్కుడు గింజ.
పలక కింద కప్పు, కప్పులో గింజ, మనిషికి ఒకటే.
గెలిచినవాళ్లు ఆ గింజలన్నీ ఉడికించి
ఊరందరికీ సూప్ పోయాలి.
అందుకే ఇక్కడ అందరి కన్నూ రెండో స్థానం మీదే.

సాయంత్రం లెక్క తేలింది.
మనుషులు ఇరవై ముగ్గురు.
గింజలు ముప్పై ఒకటి.
"చలికి పిల్లలు పెట్టాయేమో" అన్నాడు తాత.
మళ్లీ లెక్కపెట్టాను, ముప్పై రెండు.
ఇక మూడోసారి సాహసించలేదు.

ఏడుకాళ్ల ఈగ గెలిచింది.
సూప్ వండే భారం తాత మీద పడింది.
ఉప్పెక్కువని సగం మంది, చాలలేదని సగం మంది,
గిన్నె మాత్రం నాకినట్టు ఖాళీ.

నీలి నక్కకు మూడే గింజలు.
ఒకటి పొలోన్‌త్సాదే. కాకిపిల్ల కాకికి ముద్దు.
ఒకటి నాది. తీర్పరికి ఓటు లేదని
ఎవరూ గుర్తుచేయలేదు.
మూడోది వేసిన చేతిని చూశాను.
అటు ఇటు చూసి, దగ్గి,
టోపీ సర్దుకున్నట్టు సర్దుకుని వేసింది.
గోరు సందులో ట్రాక్టర్ ఎరుపు.

నేనేం అనలేదు.
పిండి పిసికే చేతులకు
కొన్నిటిని గుడ్డ కప్పి ఉంచడం తెలుసు.

ఏప్రిల్లో పలకలు పెట్టెలకెక్కాయి.
తేనెటీగలు తలెత్తి చూడనైనా లేదు,
నట్లు లెక్కపెట్టలేదు, రంగు అడగలేదు,
వాటి దారిన అవి లోపలికి పోయాయి.

ఆ శనివారం యెర్నెయ్ కొట్టుకొచ్చాడు.
ముప్పై ఏళ్ల మీసం లేదు, గడ్డం లేదు,
చెంపలు కొత్త బంగాళాదుంపల్లా మెరుస్తున్నాయి.
"ఎవరు గీశారు?" అన్నాను.
వినపడనట్టు అద్దం వెనక రొట్టెల్ని చూశాడు.
పుట్టి బుద్ధెరిగి అక్రోటు తప్ప ముట్టనివాడు
టారగాన్ చుట్ట వైపు వేలు చూపించి
"రెండు ముక్కలు, విడివిడిగా కట్టు" అన్నాడు.