నేను ఉతికిన మసి

ముప్పై ఒక్క ఏళ్లు
ఈ మనిషి చొక్కాల్లోంచి బొగ్గుమసి వదలగొట్టాను.
వోల్‌ష్టిన్ షెడ్డులో నీళ్లు తాగిన ఇంజన్లన్నీ
నా జింకు తొట్టిలో ఓసారి నల్లగా కక్కి వెళ్లినవే.

ఇప్పుడు అదే మసిని
బొటనవేలంత సీసాలో, డబ్బులు పోసి,
పోస్టులో తెప్పించుకున్నాడు.
నాలుగు వెంట్రుకల కుంచెతో
జానెడు ఇంజనుకు అద్దుతున్నాడు.
పొగగొట్టం అంచున ఇంత, మెట్టు కింద ఇంత,
"ఇక్కడ నూనె కారేది, ఇక్కడ సున్నపునీటి చార" అంటూ
పెళ్లికూతురికి బుగ్గచుక్క పెట్టినంత శ్రద్ధగా.
మా పెళ్లినాడు
తల దువ్వుకున్న పాపాన పోలేదు.

వంటింటి బల్లే వర్క్‌షాపు.
వెన్నగిన్నె మూతలో స్క్రూలు.
దోసకాయల జాడీకి ఆనించి
పొగలు కక్కే సోల్డరింగ్ ఐరన్.
బొగ్గు టెండరు కడుపు కోసి
చక్కెర బిళ్లంత స్పీకరు ఇరికించాడు.
తీగలు వెంట్రుకల్లా సన్నం:
ఎరుపు, నలుపు పట్టాలకు,
నారింజ, బూడిద మోటారుకు.
కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టి
ఊపిరి బిగపట్టి అతికిస్తాడు.
ఆ కాసేపూ ఈ ఇంట్లో తుమ్మడానికి లేదు.

ముందు మూడు దీపాలు, త్రికోణంగా.
మొదటిసారి వెలిగినప్పుడు
పళ్ల డాక్టరు లైటులా తెల్లగా పొడిచాయి.
"మంచులోంచి వచ్చే దీపం ఇలాగుంటుందా!"
ఆర్పేశాడు. రెసిస్టరు మార్చాడు.
గ్లాసులో నా టీని కిటికీ వెలుగుకెత్తి
అచ్చం ఆ రంగు వార్నిషు కలిపే దాకా వదల్లేదు.
టీ చల్లారిపోయింది. దీపం వెచ్చబడింది.

పొయ్యి తలుపు సందున ఎర్రని మిణుకు.
సమంగా మిణికితే ఒప్పుకోడు.
"బొగ్గు వేయగానే ముందు చీకటి పడాలి,
ఆ తర్వాతే ఎగదన్నాలి.
మంట లెక్కలు చదువుకోలేదు కదా!"
ఆ మాటన్నప్పుడు
నడుము వంచి, అరచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.
అక్కడేమీ కాలడం లేదు.

ఇక చప్పుడు.
ఎడమ చెవి ఎప్పుడో షెడ్డుకే రాసిచ్చేశాడు,
కుడిది సగం.
చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఊపిర్లు.
బాయిలరు మీద వేలు పెట్టి
వేలితోనే విని, సరిచేసుకున్నాడు.
కానీ కూత వేలికి అందదు.
సన్నని శబ్దాలు ఆయన్ని వదిలి పదేళ్లయింది.
"బ్రోన్యా, ఇలా రా."

ఫ్యాక్టరీవాళ్లు పెట్టి పంపిన కూత
ఏ ఊరిదో. శుభ్రంగా, స్నానం చేసొచ్చినట్టుంది.
"కాదు" అన్నాను.
రిమోట్‌లో అంకె మార్చాడు.
"ఇంకా కాదు. పొడుగు."
"ఇప్పుడు?"
"చివర తెగిపోతోంది. అది తెగదు, జారుతుంది."
"నీకెలా తెలుసు?"
జవాబు చెప్పలేదు.

పిండిమిల్లు దగ్గర రైల్వేగేటు,
సాయంత్రం ఆరూ పదిహేడు.
ఏ డ్రైవరు తాడు లాగినా కూతే.
ఈయన లాగితే మాత్రం
చివర్న, కుర్చీలోంచి లేవబోయి
మళ్లీ కూలబడినట్టుగా ఉండేది.
అది వినే నేను బంగాళాదుంపలు పొయ్యెక్కించేదాన్ని.
"ఎప్పుడొచ్చినా వేడిగానే ఉంటాయేంటే?" అనేవాడు.
లేటైన రోజూ, మంచుకి బండి ఆగిన రోజూ.
నవ్వి ఊరుకునేదాన్ని.
మొగుడికి ఇంజను ఉన్నప్పుడు
పెళ్లానికి ఒక రహస్యమన్నా ఉండొద్దూ!

అరవై మూడు. కాదు.
యాభై. కాదు.
నలభై నాలుగు. ఏదో ఉంది, కానీ కాదు.
విసుగొచ్చి లేచాను,
గిన్నెలు తోముకోవాలి.
వెనక మరోసారి నొక్కాడు.

నా చెయ్యి నన్నడగలేదు.
వెళ్లి పొయ్యి వెలిగించింది.
ఖాళీ బర్నరు, నీలిమంట,
దాని మీద గిన్నె కూడా లేదు.

వెనక్కి తిరిగాను.
ఆయనకేమీ వినపడలేదు. చూశాడంతే.
నన్నూ, పొయ్యినీ,
మళ్లీ నన్నూ.
అడుగుతాడనుకున్నాను.

చెవి వెనక పెన్సిలు తీసి
నోటుపుస్తకంలో రాసుకున్నాడు:
కూత, నలభై ఒకటి.